కోరినవారి మనసు

సాఫ్టువేరు రూపొందించువారిని అడిగిచూడుడు. యంత్రము పెట్టు చిక్కుకంటె పని చేయించుకొనువారు పెట్టు చిక్కే పెద్దదని చెప్పుదురు. నెలల తరబడి శ్రమించి చూపగా “మేము కోరినది ఇది కాదు” అందురు. ఆ మాట అబద్ధమా? నాకట్లు తోచదు. కంటబడని వస్తువును సరిగా కోరుట ఎవరి తరము?

అమెరికాలోని నేరపరిశోధక సంస్థ ఎఫ్.బి.ఐ. అనుభవము చూడుడు. కాగితపు దస్త్రములకు బదులు కేసుల వివరములను కంప్యూటరులో ఉంచుటకై 2001లో ‘వర్చువల్ కేస్ ఫైల్’ అను పనిని ఒక కంపెనీకి అప్పగించిరి. ఆ సెప్టెంబరులో జరిగిన దాడులతో అవసరములే మారిపోయినవి. కోరికల పట్టిక 800 పుటలు దాటెను. అంత లావు గ్రంథము చూచి అంతయు తేలినదని తలచిరి కాబోలు! 2003 డిసెంబరులో పని చేతికి రాగా సంస్థ అంగీకరింపలేదు. చివరకు 59 లోపములు లెక్కకు వచ్చినవి. తగవు మధ్యవర్తికడకు పోయెను. అందు 40 కంపెనీవారి తప్పులనియు, తక్కిన 19 తప్పులు కావు, సంస్థ కొత్తగా కోరిన మార్పులనియు మధ్యవర్తి తేల్చెను. 2005లో ఆ పనిని విడిచిరి. మొత్తము వ్యయము సుమారు 17 కోట్ల డాలర్లు.

ఆ 19 నన్ను ఆలోచింపజేసినవి. కొత్తకోరిక వచ్చినప్పుడు చేయువాడు మొగమాటమున “అట్లేనండి” అనును. అందుకు ఎన్నిదినములు, ఎంత ధనము పట్టునో చెప్పడు. చేయించుకొనువాడు అది ముందు బేరములోనిదే అనుకొనును. (మన ఇండ్లలో వడ్రంగితో వచ్చు తగవులును ఈ జాతివే.) ఏనాటి కోరికను ఆనాడే, దాని వెలతోకూడ, వ్రాసి ఇరువురును చేవ్రాలు చేసినచో సగము తగవు పుట్టదు.

తక్కిన సగము వినుటలో ఉన్నది. “బాగుగా లేదు” అన్నవారిపై కోపగింపక, “ఏమి చేయబోగా ఎక్కడ అడ్డుపడినది?” అని అడుగవలెను. రంగు మార్చుమన్నవాని అసలు బాధ అక్షరములు కనబడకపోవుట కావచ్చును.

ఎఫ్.బి.ఐ. 2006లో ‘సెంటినెల్’ పేరున మరల మొదలుపెట్టెను. అదియు ఆలస్యము కాగా 2010లో పనిని తన చేతిలోనికే తీసుకొని, రెండేసి వారములకు కొంతకొంతగా పూర్తిచేసి చూపు పద్ధతిని అవలంబించెను. 2011 అక్టోబరులో ఉద్యోగులచే వాడించి చూడగా అది రెండుమార్లు ఆగిపోయెను. గడువు మరల జరిపిరి. 2012 జూలైలో అది వాడుకలోనికి వచ్చినది.