చావు మరచిన కణం

నెల్లూరు తీరంలోని మైపాడు, కృష్ణపట్నం ప్రాంతాల జాలరులు వలతాడు కొసను ఊరక విడువరు. పురులు విడిపోకుండా ముడివేసి బిగిస్తారు. ఆ కట్టు సడలితే తాడంతా పీచుపీచవుతుంది. మన కణ కేంద్రకంలోని క్రోమోజోములకు సైతం ఇటువంటి కొసకట్టు ఉన్నది. దానినే శాస్త్రజ్ఞులు ‘టెలోమియర్’ అంటారు.

కణం విభజన చెందినప్పుడల్లా ఈ కొసకట్టు కొంత తరుగుతుంది. అది మరీ కురచ కాగానే కణం విభజనను మానుకుంటుంది. ప్రయోగశాలలో పెంచిన మానవ కణాలు సుమారు 50 మార్లు విభజన చెంది ఆగిపోతాయని లియోనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ 1961లో వెల్లడించారు. ఈ హద్దు శరీరానికి శత్రువు కాదు, కాపలాదారు. దారి తప్పిన కణాన్ని కూడా అది ఒకచోట నిలువరిస్తుంది.

తరిగిన కొసను తిరిగి పొడిగించే ఎంజైము పేరు ‘టెలోమరేజ్’. చెరువు నీటిలో జీవించే టెట్రాహైమినా అనే ఏకకణ జీవిలో దీనిని 1984లో ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, కెరోల్ గ్రైడర్ గుర్తించారు. టెలోమియర్ల పరిశోధనకు వారిద్దరితోపాటు జాక్ షోస్టాక్ 2009లో నోబెల్ బహుమతి పొందాడు. పిండదశలోను, మూలకణాలలోను పనిచేసే ఈ ఎంజైము తక్కిన చాలా కణాలలో నిద్రాణంగా ఉంటుంది. క్యాన్సర్ కణాలలో అధికభాగం దానిని మేల్కొలిపి, చావు హద్దును దాటిపోతాయి.

మెదడు కంతులలో మిక్కిలి క్రూరమైనది గ్లయోబ్లాస్టోమా. అందులో ఈ మేల్కొలుపు ఎలా జరుగుతుందో 2013లో స్పష్టమయింది. టెలోమరేజ్‌కు మూలమైన ‘టెర్ట్’ జన్యువు చెడలేదు. దానిని అదుపుచేసే ముందుభాగంలో ఒకే ఒక అక్షరం మారింది! ‘కల’లో ఒక్క అక్షరం మారి ‘కళ’ అయినట్లు, అంతటితో కణం నడవడి మారిపోయింది. పెద్దలలో వచ్చే గ్లయోబ్లాస్టోమాలలో నూటికి 70 నుంచి 80 వరకు ఈ మార్పు కనిపిస్తుంది. అందువల్లనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 వర్గీకరణలో రోగ నిర్ణయానికి దీనిని కూడా ఒక ఆధారంగా చేర్చింది. అయితే ఇదే మార్పు ఆలిగోడెండ్రోగ్లయోమా అనే కంతిలోనూ ఉంటుంది. ఆ రోగులు చాలా ఏళ్లు జీవించగలరు. పదానికి అర్థం సందర్భాన్ని బట్టి తేలినట్లే, ఈ మార్పు ఫలితం తక్కిన జన్యు లక్షణాలతో కలిపి చదివినప్పుడే తేలుతుంది.

మరి టెలోమరేజ్‌ను అణచివేస్తే సరిపోదా? రక్తాన్ని పుట్టించే మూలకణాలకూ అది అవసరమే. పైగా కొసకట్టు తరిగేవరకు కంతి పెరుగుతూనే ఉంటుంది. టెలోమరేజ్‌ను అడ్డగించే ఇమెటెల్‌స్టాట్ అనే మందుకు 2024లో అమెరికాలో ఆమోదం లభించినా, అది ఒక రక్తవ్యాధికే పరిమితం. శత్రుకణాన్ని కొట్టబోతే మిత్రకణానికి దెబ్బ తగలడం క్యాన్సర్ వైద్యంలో పాత చిక్కే. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో రూపొందిన మెథోట్రెక్సేట్ నేటికీ మెదడులో పుట్టే లింఫోమాకు ముఖ్యమైన ఔషధం. వేరొక మార్గంలో పనిచేసే ఆ మందుతోనూ ఆరోగ్యకణాలను కాపాడుకుంటూనే చికిత్స సాగించాలి.

నెల్లూరు కవి తిక్కన తెనిగించిన సౌప్తిక పర్వంలో అశ్వత్థామకు పడిన శిక్ష మరణం కాదు, దిక్కులేని దీర్ఘాయువు. కణానికీ అంతే. తన వంతు ముగించి తప్పుకొనే కణాల వల్లనే దేహం నిలుస్తుంది. చావును కాదన్న కణం తనకు ఆశ్రయమిచ్చిన దేహాన్నే కూల్చి, దానితోపాటు తానూ కూలుతుంది.