సాంబా మసూరికి మూడు జన్యువుల రక్షణ

మంజీర నదిపై నిర్మించిన ఘనపురం ఆనకట్ట నీటితో మెదక్ పరిసర గ్రామాలలో వరి విరివిగా సాగవుతున్నది. సన్న బియ్యమనగానే తెలుగువారికి స్ఫురించే బి.పి.టి. 5204, అనగా సాంబా మసూరి, 1986లో బాపట్ల నుండి విడుదలైనది. అన్నం నాణ్యతకు ఈ రకం పెట్టింది పేరు. బాక్టీరియా ఎండాకు తెగులును మాత్రం తట్టుకొనలేదు. తెగులు సోకిన తరువాత మందులతో అదుపు కష్టం. నిరోధక శక్తి కొరకు వేరే రకంతో సంకరపరిస్తే గింజ గుణం మారే ప్రమాదమున్నది.

హైదరాబాదులోని వరి పరిశోధన సంచాలకాలయం, సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు సాంబా మసూరితోనే పలుమార్లు తిరుగు సంకరణం జరిపి ఎక్స్‌ఎ 21, ఎక్స్‌ఎ 13, ఎక్స్‌ఎ 5 జన్యువులను చేర్చారు. వీటిలో చివరి రెండూ అంతర్గత జన్యువులు. ఒక నిరోధక జన్యువు పనిచేస్తున్న మొక్కలో మరొకటి ఉన్నదీ లేనిదీ తెగులు పరీక్షతో తేల్చడం కష్టం. డి.ఎన్.ఎ. మార్కర్లు ఆ సంగతిని నారు దశలోనే తెలిపాయి. ఫలితంగా 2008లో మెరుగుపరచిన సాంబా మసూరి విడుదలైనది. మూడు జన్యువులనూ ఒకేసారి ఛేదించడం బాక్టీరియాకు సులభం కాదు.

అయితే ఈ రక్షణ అగ్గి తెగులుకు వర్తించదు. ఆకు కొన నుండి అంచుల వెంట ఎండుతూ దిగితే ఎండాకు తెగులు. నూలు కండె ఆకారపు మచ్చలు కనిపిస్తే అగ్గి తెగులు. విత్తనం సిఫారసు చేసే విస్తరణాధికారి ఈ భేదాన్ని రైతుకు ముందే వివరించాలి.