సింహాల సీమకు ప్రయాణం - అడవి వెనుక ఓ ఊరి కథ

సింహాన్ని బోనులో కాక దాని ఇంట్లోనే చూడాలంటే ఆఫ్రికా పోవాలంటారు పెద్దలు. దక్షిణాఫ్రికా మన తెలుగువారికి కొత్త దేశమేమీ కాదు. 1860 నుంచి చెరకు తోటల్లో కూలికి ఓడలెక్కి పోయినవారిలో మనవారూ ఉన్నారు. వారి సంతతి నేటికీ డర్బన్ ప్రాంతంలో ఉంది. ఆ దేశంలోని క్రూగర్ నేషనల్ పార్కును చూడాలనుకునేవారు ముందుగా తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

జిల్లా అంత అడవి

1926లో ఏర్పడిన ఈ పార్కు విస్తీర్ణం సుమారు 19,500 చదరపు కిలోమీటర్లు. అంటే ఒకప్పటి ఉమ్మడి అనంతపురం జిల్లా కన్నా కాస్త పెద్దదే! ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు 360 కిలోమీటర్ల పొడవు. జొహానెస్‌బర్గ్‌లో విమానం దిగి, సుమారు 400 కిలోమీటర్లు కారులో పోతే దక్షిణపు గేట్లు వస్తాయి. ఒక్క రోజులో చూసి వచ్చేద్దామంటే కుదిరే పని కాదు. మూడు, నాలుగు రోజులైనా ఉండాలి. బస ముందుగానే ఖాయం చేసుకోవడం మంచిది.

వెళ్ళడానికి మే నుంచి సెప్టెంబరు వరకు అనువైన కాలం. అప్పుడు అక్కడ చలికాలం. వానలుండవు, గడ్డి ఎండుతుంది, చెట్లు ఆకు రాలుస్తాయి. దాహానికి మృగాలన్నీ నీటి రేవుకే చేరతాయి. వెతికే శ్రమ తక్కువ. అయితే తెల్లవారుజామున చలి వణికిస్తుంది. స్వెట్టరు, కంబళి మరువరాదు. అది మలేరియా ఉన్న సీమ కనుక బయలుదేరే ముందే డాక్టరును అడిగి మాత్రలు తీసుకోవాలి.

కారు దిగితే ముప్పే

ఇక్కడ సొంత కారు నడుపుకుంటూ తిరగవచ్చు. తారు రోడ్డుపై గంటకు 50, మట్టి రోడ్డుపై 40 కిలోమీటర్లు మించరాదు. అనుమతించిన చోట తప్ప కారు దిగరాదు. మే నుంచి జూలై వరకు ఉదయం 6 గంటలకు తెరిచే గేట్లు సాయంత్రం 5.30కే మూసేస్తారు. ఆలోగా కంచె లోపలి బసకు చేరుకోవలసిందే.

ఊడ్చివేసిన ఊళ్ళు

పార్కులోని పెద్ద బస పేరు స్కుకుజా. ఇది తొలి వార్డెన్ స్టీవెన్‌సన్ హామిల్టన్‌కు అక్కడి త్సోంగా ప్రజలు పెట్టిన పేరు. 'ఊడ్చివేసేవాడు' అని దాని అర్థం. మృగాల కోసం మనుషులను ఖాళీ చేయించినందుకే ఆ పేరు వచ్చిందట.

ఆ ఊడ్పు అంతటితో ఆగలేదు. పార్కు ఉత్తరపు కొసన, లింపోపో, లువువు నదుల నడుమ మకులెకె ప్రజలు వ్యవసాయం చేసుకుంటూ, చేపలు పట్టుకుంటూ బతికేవారు. 1969లో నాటి తెల్ల ప్రభుత్వం వారిని తుపాకులతో బెదిరించి, వారి గుడిసెలకు వారిచేతనే నిప్పు పెట్టించి, దూరంగా తరలించింది. సుమారు 3 వేల మంది దిక్కులేనివారయ్యారు. నేల పార్కులో కలిసిపోయింది.

వర్ణవివక్ష పాలన 1994లో అంతమైంది. భూముల వాపసు చట్టం వచ్చింది. మకులెకె వారు పట్టువిడవక పోరాడి, 1998లో సుమారు 60 వేల ఎకరాలను తిరిగి సాధించారు. విశేషమేమంటే, వారు అడవిని కొట్టి పొలాలు చేసుకోలేదు. నేల తమది, అడవి అడవిగానే ఉంటుందని ఒప్పందం చేసుకున్నారు. బసలు నడిపేవారికి కౌలుకిచ్చి, వచ్చిన సొమ్మును ఊళ్ళలో బడులకు, కరెంటుకు ఖర్చు చేశారు.

కనుక క్రూగర్‌కు పోయేవారు సింహాన్ని చూసి వచ్చేయక, వీలుంటే ఆ ఉత్తరపు కొసకూ పోయి రావాలి. అక్కడ బసకు చెల్లించే డబ్బులో కొంత ఆ ఊరివారికి చేరుతుంది. అడవినీ, అడవి పక్కన బతికేవారినీ కలిపి కాపాడుకోవచ్చునని ఆ పల్లెవారు చేసి చూపారు.