మైకు పట్టిన చంద్ర, కలం పట్టిన చంద్ర

మహానంది దారిలో టీ అంగడి దగ్గర జనం గుమికూడి ఉన్నారంటే ఆ రోజు క్రికెట్ ఉందన్నమాట. "స్కోరెంత?" అని ఒకరు అడుగుతారు. "ఎవరు అవుటయినారు?" అని ఇంకొకరు అడుగుతారు. అరటి తోటలో పని ముగించుకొని వచ్చే ఆడవాళ్లు ఆ మాటలు వింటూనే ఇంటిదారి పడతారు. "అది మగవాళ్ల గోల, మనకెందుకులే" అనుకుంటారు.

కానీ ఆ గోలలోకి ఒక ఆడమనిషి ధైర్యంగా అడుగుపెట్టింది. మైకు ముందు కూర్చొని ఆట ఎట్లా సాగుతోందో దేశానికి చెప్పింది. తర్వాత కలం పట్టి ఆట చరిత్ర కూడా రాసింది. ఆమె పేరు చంద్రా నాయుడు. ఆమెది తెలుగు కుటుంబం.

తండ్రి ఎవరు?

ఆమె తండ్రి కనకయ్య నాయుడు. అందరూ సి.కె. నాయుడు అంటారు. వాళ్ల పెద్దలు మచిలీపట్నం వైపు నుంచి నాగపూరు పోయి అక్కడ స్థిరపడ్డారు. ఆయన 1895లో నాగపూరులో పుట్టాడు. తర్వాత ఇండోరు రాజు హోల్కరు ఆయనను తన ఊరికి పిలిపించుకున్నాడు.

అది తెల్లవాళ్లు మనల్ని ఏలుతున్న కాలం. 1926లో ఇంగ్లండు జట్టు ఒకటి బొంబాయి వచ్చింది. ఆ జట్టు మీద నాయుడు 153 పరుగులు తీశాడు. అందులో 11 సిక్సర్లు ఉన్నాయి. బంతి నేలను తాకకుండా గిరి దాటితే సిక్సరు. ఒక్కో సిక్సరుకు 6 పరుగులు. లెక్క వేసి చూడండి. 11 ఆరులు 66. తెల్లవాళ్ల బంతిని మనవాడు అట్లా బాదుతుంటే చూసేవాళ్ల సంతోషానికి అంతు ఉంటుందా!

1932లో లండనులో మన దేశం మొదటి టెస్టు మ్యాచ్ ఆడింది. ఆ జట్టుకు నాయకుడు సి.కె. నాయుడే. చేతికి దెబ్బ తగిలినా ఆయన ఆడాడు. మొదటి ఇన్నింగ్సులో మన జట్టులో అందరికన్నా ఎక్కువ పరుగులు ఆయనవే. అవి 40. ఆ మ్యాచ్ మనవాళ్లు ఓడిపోయారు. అయినా ఆయన పేరు నిలిచిపోయింది.

1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ సీజనులోనే ఆంధ్ర జట్టు రంజీ ట్రోఫీలో ఆడడం మొదలుపెట్టింది. దానికీ నాయుడే నాయకుడు. అప్పటికి ఆయన వయసు 58 ఏళ్లు!

కూతురు ఏం చేసింది?

లండను మ్యాచ్ జరిగిన మరుసటి ఏడాది, 1933లో చంద్ర పుట్టింది. బాగా చదువుకుంది. ఇండోరులో ఆడపిల్లల ప్రభుత్వ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పింది.

1977లో ఇండోరులో బొంబాయి జట్టుకూ ఇంగ్లండు నుంచి వచ్చిన జట్టుకూ మ్యాచ్ జరిగింది. ఆ మ్యాచ్‌కు చంద్ర కామెంటరీ చెప్పింది. మన దేశంలో క్రికెట్ కామెంటరీ చెప్పిన మొదటి ఆడమనిషి ఆమే. అప్పటికి ఆమెకు నలభై ఏళ్లు దాటాయి.

కామెంటరీ అంటే ఏమిటి? ఆటను కళ్లతో చూస్తూ నోటితో చెప్పడం. బంతి ఎవరు వేశారు, ఎటు కొట్టారు, ఎన్ని పరుగులు వచ్చాయి, ఇవన్నీ వెంటవెంటనే చెప్పాలి. రేడియో వినేవాళ్లకు ఆట కనిపించదు. చెప్పేవాళ్ల మాటే వాళ్లకు కన్ను. మాట తప్పితే వినేవాళ్లు ఆటనే తప్పుగా తెలుసుకుంటారు. అందుకే ఆ పనికి ఆట తెలిసి ఉండాలి, మాట మీద పట్టూ ఉండాలి. అది మగవాళ్లకే చేతనవుతుందని అప్పట్లో అనుకునేవాళ్లు. ఆమె చెప్పి చూపించింది.

పుస్తకం ఎందుకు రాసింది?

సి.కె. నాయుడు 1967లో చనిపోయాడు. 1995కు ఆయన పుట్టి నూరేళ్లు. ఆ ఏడాదే చంద్ర తండ్రి గురించి ఇంగ్లీషులో పుస్తకం రాసింది. దాని పేరుకు "ఒక కూతురి జ్ఞాపకాలు" అని అర్థం.

ఆట చరిత్ర రాసేవాళ్లు ముఖ్యంగా మూడు చూస్తారు. ఒకటి, స్కోరు పుస్తకం. రెండు, పాత పత్రికలు. మూడు, చూసినవాళ్ల మాట. స్కోరు పుస్తకంలో అంకెలు ఉంటాయి. 153 అని ఉంటుంది. కానీ ఆ మనిషి ఇంట్లో ఎట్లా ఉండేవాడు? ఓడిన రోజు ఏమనేవాడు? ఇవి ఆ పుస్తకంలో ఉండవు. ఇంటివాళ్లే చెప్పాలి.

అయితే ఒక జాగ్రత్త. కాలం గడిస్తే ఎవరి జ్ఞాపకమైనా మసకబారుతుంది. ప్రేమ కొద్దీ కొంత పెంచి కూడా చెబుతాం. అందుకే విన్న మాటను రాసి ఉన్న కాగితంతో సరిచూసుకోవాలి. రెండూ కలిస్తేనే నిజమైన చరిత్ర.

చంద్రా నాయుడు 2021లో ఇండోరులో కన్నుమూసింది. ఆమెకు 88 ఏళ్లు. ఆమె రాయకుండానే పోయి ఉంటే, కూతురుగా ఆమెకు తెలిసిన సంగతులు ఆమెతోనే పోయేవి. ఆమె రాసింది కాబట్టి అవి మిగిలాయి.

ఇప్పుడు ఆడవాళ్లు కామెంటరీ చెబితే ఎవరూ వింతగా చూడరు. ఆడపిల్లలు ఆటా ఆడుతున్నారు. 2025లో భారత మహిళల జట్టు ప్రపంచ కప్పు గెలిచింది. ఆ జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది. ఈ అమ్మాయిల కథ కూడా ఎవరో ఒకరు రాయాలి కదా!

చరిత్ర అంటే గొప్పవాళ్లది మాత్రమే కాదు. మీ అమ్మ ఏ కరువులో ఎట్లా సంసారం ఈదిందో మీకే తెలుసు. ఇప్పుడు మీకు అక్షరాలు వచ్చాయి. ఒక నోటుబుక్కు తీసుకోండి. పేరు, ఊరు, సంవత్సరం రాయండి. అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ఆలోచించండి, చెప్పండి

1. సి.కె. నాయుడు తీసిన 153 పరుగుల్లో సిక్సర్లవి పోగా మిగిలినవి ఎన్ని?
2. కామెంటరీ చెప్పేవాళ్లకు ఏమేం తెలిసి ఉండాలి?
3. మీ ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లు ఎవరు? వాళ్లను అడిగి, వాళ్ల చిన్ననాటి సంగతి ఒకటి ఐదు వాక్యాల్లో రాయండి.