తిరుచ్చులి సీమలో కావలి

తిరుచ్చులి తమిళనాడులోని విరుదునగర్ జిల్లాలో గుండారు ఒడ్డున ఉన్న తాలూకా కేంద్రం. 1879 డిసెంబరు 30న రమణ మహర్షి పుట్టింది ఇక్కడే. ఆయన తండ్రి సుందరమయ్యరు నెలకు రెండు రూపాయల జీతానికి లెక్కలు రాసే గుమాస్తాగా మొదలై, తర్వాత అర్జీలు రాసి, చివరకు పట్టా లేని వకీలుగా ఈ ఊళ్లోనే పేరు తెచ్చుకున్నారు. దారి కాచే దొంగలు సైతం బండిలో ఉన్నది ఆయనేనని తెలిస్తే వదిలేసేవారని మహర్షి జీవిత చరిత్రకారులు చెబుతారు. ఊళ్లో మేజిస్ట్రేటు కోర్టు ఉన్నా, చీకటి పడ్డాక దారిలో మనిషిని కాచింది అతనికున్న మంచిపేరే. ఈ సీమలో రక్షణ అంటే చాలాకాలం మనిషికీ మనిషికీ మధ్య ఒప్పందమే.

ఆ ఒప్పందం పేరు కావల్. తెలుగువాళ్లకు తెలిసిన కావలే అది. తమిళనాట పోలీసు స్టేషన్ బోర్డు మీద ఈనాటికీ 'కావల్ నిలయం' అనే ఉంటుంది. ఒక ఊరికి, దాని పొలాలకు పరిమితమైనది స్థల కావల్. ఊళ్ల మధ్య దారులతో సహా ప్రాంతం మొత్తానికి ఉండేది దేశ కావల్. మొదటిది ఈ వైపు ఎక్కువగా మరవర్ కులస్థుల చేతిలో, రెండోది పాళెగాళ్ల చేతిలో ఉండేది. పాళెగాళ్లలో చాలామంది తెలుగువాళ్లు. 16వ శతాబ్దంలో మధుర నాయక రాజ్యాన్ని నిలబెట్టిన విశ్వనాథ నాయకుడు దేశాన్ని 72 పాళెంలుగా పంచాడని ప్రతీతి. తూత్తుకుడి జిల్లాలోని కోవిల్‌పట్టి చుట్టుపక్కల ఎట్టయపురం, పాంచాలంకురిచ్చి తెలుగు పాళెంలే. వాళ్ల వెనకా ముందూ వచ్చిన కమ్మవార్లు, రెడ్డియార్లు, రాజకంబళం నాయకర్లు ఈ నల్లరేగడి నేలల్లో సేద్యానికి దిగారు.

కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు కావలివాడి వాటా విడిగా తీసిపెట్టేవారు. అందుకు బదులుగా, ఊళ్లో ఏదైనా పోతే అతను వెతికి తెచ్చివ్వాలి. తేలేకపోతే విలువ కట్టి ఇచ్చుకోవాలి. ఈ షరతే కావలికి ప్రాణం. ఎద్దు పోయిన రైతుకు దొంగకు పడే శిక్షతో పనిలేదు, తెల్లారేసరికి అరక కట్టుకోవడానికి ఎద్దు కావాలి. ఇందులోంచే 'తుప్పు కూలి' పుట్టింది. తుప్పు అంటే ఆచూకీ. రైతు మధ్యవర్తికి కొంత సొమ్ము ముట్టజెబితే, పోయిన ఎద్దు ఫలానా చోట కట్టేసి ఉందని కబురు వచ్చేది. దొంగిలించినవాడు, కబురు తెచ్చినవాడు ఒకే కట్టుకు చెందినవాళ్లన్న సంగతి ఊరందరికీ తెలుసు. కావలి వద్దన్న ఊళ్లో పశువులు మాయమయ్యేవి, గడ్డివాములు అంటుకునేవి. రక్షణకూ బెదిరింపుకూ మధ్య గీత చెరిగిపోయిన చోట్ల రైతులు తిరగబడ్డారు. 1896లో దిండిగల్ వైపు ఊళ్లు ఏకమై కళ్లర్ కులస్థుల కావలిని కాదన్నాయి.

కావలి అందని వేళ ఊరే తీర్పరి అయ్యేది. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్‌కు చెందిన తెలుగింటి బిడ్డ, తమిళ రచయిత కి. రాజనారాయణన్ 'గోపల్ల గ్రామం' నవలలో ఆ కాలాన్ని కళ్లకు కట్టాడు. దాహమై చెరువులోకి దిగిన ఒంటరి ఆడమనిషిని చెవి నగల కోసం ఒక దొంగ నీళ్లలో ముంచి చంపుతాడు. కొన ఊపిరితో ఆమె వాడి కాలి బొటనవేలును పళ్లతో పట్టేస్తుంది. ప్రాణం పోయినా ఆ పట్టు వదలదు. అలా దొరికిపోయినవాణ్ణి విచారించి, ఊరు కొరత వేస్తుంది. కథే అయినా, ఈస్టిండియా కంపెనీ కొలువు ఇంకా పూర్తిగా అడుగుపెట్టని కాలంలో వలస వచ్చిన తెలుగు రైతులు నేరాన్ని ఎలా చూశారో చెప్పే నమ్మకమైన చిత్రమిది.

కంపెనీ మొదట పాళెగాళ్ల కావలి హక్కుల మీద పడింది. 1799 అక్టోబరు 16న పాంచాలంకురిచ్చి పాళెగాడు కట్టబొమ్మన్ను కయత్తారులో ఉరితీశారు. 1801 నాటికి పాళెగాళ్ల పోరాటం అణిగిపోయింది. కోటలతోపాటు దేశ కావల్ రాబడీ పోయింది. 1816 చట్టం ఊరి మునసబును పోలీసు పెద్దగా నిలిపి తలారిని అతని చేతికింద పెట్టింది. అయితే పన్ను వసూలు చేసేవాడూ నేరం పట్టేవాడూ ఒక్కడే కావడంతో శిస్తు కట్టలేని రైతుకు చిత్రహింసలు తప్పలేదు. 1855లో మద్రాసు చిత్రహింసల కమిషన్ ఈ సంగతులు బయటపెట్టాకే 1859లో రెవెన్యూ నుంచి విడదీసిన ప్రత్యేక పోలీసు శాఖ వచ్చింది.

కొత్త పోలీసు నేరస్తుణ్ణి పట్టి కోర్టుకు పంపుతాడు. పోయిన ఎద్దుకు వెల కట్టి ఇచ్చే బాధ్యత అతనికి లేదు. అందుకే తుప్పు కూలి ఆ తర్వాత కూడా చాలాకాలం చాటుగా సాగింది. దాంతో సర్కారు అక్కసంతా పాత కావలివాళ్ల మీదికి మళ్లింది. నిన్నటిదాకా ఊళ్లు కాచినవాళ్ల మీద కులం కులంగా నేరస్తుల ముద్ర వేశారు. 1911 నేరస్థ జాతుల చట్టం కింద వేలిముద్రలు వేయాలి, రాత్రిళ్లు హాజరు పలకాలి. 1920 ఏప్రిల్ 3న ఉసిలంపట్టి వైపు పెరుంగామనల్లూరులో వేలిముద్రలు వేయబోమన్న కళ్లర్ల మీద పోలీసులు కాల్పులు జరిపి పదిహేను మందికి పైగా ప్రాణాలు తీశారు. తిరుచ్చులికి దక్షిణాన ఉన్న ఆప్పనాడు మరవర్ల మీదికీ ఈ చట్టం వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో దీన్ని 1947లో రద్దుచేశారు. పుట్టిన కులాన్ని బట్టి మనిషిని రాత్రికి రాత్రి దొంగను చేసిన ఆ అన్యాయం ఇక్కడి ఊళ్లు మరచిపోలేదు.

ఊళ్లో ప్రభుత్వపు కన్నుగా మిగిలిన మునసబు పదవి 1980 నవంబరులో పోయింది. ఆ ఖాళీని పూడ్చే ప్రయత్నం ఈ సీమలోనే మొదలైంది. 1993లో రామనాథపురం జిల్లా ఎస్పీ ప్రతీప్ ఫిలిప్ ఊరివాళ్లను పోలీసులకు తోడుగా తెచ్చే 'ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్' పథకాన్ని ప్రారంభించారు. అది రాష్ట్రమంతా పాకింది.

2020 జూన్‌లో, లాక్‌డౌన్ వేళ దుకాణం మూయలేదన్న ఆరోపణ మీద తూత్తుకుడి జిల్లా సాత్తాన్‌కుళం పోలీసులు తండ్రీకొడుకులను పట్టుకుపోయారు. రాత్రి ఠాణాలో దెబ్బలు తిన్న ఆ ఇద్దరినీ కోవిల్‌పట్టి సబ్‌జైలుకు పంపారు. కోవిల్‌పట్టి ప్రభుత్వాసుపత్రిలో 22న కొడుకు, 23న తండ్రి చనిపోయారు. విచారణకు వెళ్లిన కోవిల్‌పట్టి మేజిస్ట్రేటుతోనే పోలీసులు దురుసుగా ప్రవర్తించారు. ఆ రాత్రి ఏం జరిగిందో అదే స్టేషన్‌లోని మహిళా హెడ్ కానిస్టేబుల్ ఆయనకు చెప్పింది. కొలువు చేసే చోటే నిలబడి నిజం చెప్పడానికి చాలా గుండె కావాలి. ఆ దెబ్బల్లో ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్ సభ్యుల చెయ్యీ ఉందన్న ఆరోపణలు రావడంతో, జూలైలో రాష్ట్ర ప్రభుత్వం ఆ పథకాన్ని నిషేధించింది. కేసు సీబీఐకి వెళ్లి, పోలీసుల మీద హత్యా నేరం మోపారు. అంతకుముందే, సాక్ష్యాలు చెరిగిపోకుండా మద్రాసు హైకోర్టు మధుర ధర్మాసనం ఆ స్టేషన్‌ను రెవెన్యూ అధికారుల అధీనంలో పెట్టించింది. 1859లో ఏ శాఖ చేతిలోంచి పోలీసును విడదీశారో, ఆ శాఖవాళ్లే కొన్నాళ్లు ఆ ఠాణాకు కాపలా కాశారు.