ఇంటి ఎర్తు తీగ - నష్టమునకు బాధ్యు లెవరు?

గడచిన వర్షకాలమున మా గ్రామమందొక సభ్యుని యింట దీపములు అకస్మాత్తుగా మిక్కిలి ప్రకాశించి ఆరిపోయినవి. ఫ్యాను, టెలివిజను, ఫ్రిజ్జు మూడును చెడినవి. అదే సమయమున ప్రక్కయింట దీపములు మసకబారినవి. లైన్‌మన్ వచ్చి "ఇది మీ యింటి వైరింగు లోపమండీ" అనెను. వైరింగు చేసినవాడు లోపము స్తంభముమీద నున్నదనెను. మరునాడు చూడగా స్తంభముమీద న్యూట్రలు తీగ ముడి యూడియుండెను.

ట్రాన్స్‌ఫార్మరునుండి వచ్చు మూడు ఫేజులకును న్యూట్రలు ఒక్కటియే. ఫేజునకును న్యూట్రలునకును నడుమ 230 వోల్టు లుండును. న్యూట్రలు తెగినచో వేర్వేరు ఫేజులమీది రెండిండ్లు ఒకే గొలుసులో చిక్కి, ఫేజుల నడుమనుండు 400 వోల్టులను పంచుకొనును. తక్కువ సామాను నడచుచున్న యింటికి ఎక్కువ వోల్టులు వచ్చును. మా సభ్యునకు జరిగిన దిదియే.

ఎర్తు తీగ పని వేరు. మోటారు, ఫ్రిజ్జు మొదలగువాని యినుప తొడుగునకు ఫేజు తగిలినపుడు విద్యుత్తును భూమికి దింపి ఫ్యూజు పోవునట్లు చేయుట దాని పని. కాని ఎర్తు గొయ్యి యెండి, దారిలో 23 ఓముల నిరోధ మున్నదనుకొందము. 230 వోల్టులకు 10 ఆంపియరులే పారును. 15 ఆంపియరుల ఫ్యూజు కరగదు, తొడుగు ముట్టినవాని ప్రాణము పోవచ్చును. కావున గొయ్యిలో నీరు పోయుచుండుటయేగాక, 30 మిల్లీయాంపియరుల లీకేజికే సరఫరా నాపు బ్రేకరును పెట్టించుకొనుట మేలు. అయితే న్యూట్రలు తెగుటవలన కలుగు చేటును ఆ బ్రేకరు ఆపజాలదు.

కొందరు న్యూట్రలు లేనపుడు ఎర్తునే న్యూట్రలుగా గలిపి దీపములు వెలిగించుకొనుచున్నారు. మా యెరుకలోనే యిట్టివారు పలువురు గలరు. ఆ ఎర్తు ముడి వదులైన క్షణమున ఇంటిలో ఎర్తునకు గలిపిన ప్రతి తొడుగును ఫేజువలె నగును. ఇట్టి చోట నష్టము కలిగినచో సరఫరా సంస్థపై నేరము మోపుట కష్టము.

బాధ్యతకు హద్దు మీటరు వద్ద నున్నది. 2003 నాటి విద్యుచ్ఛట్టము క్రింద 2010లో భద్రతా నిబంధనలు వచ్చినవి. వాని స్థానమున 2023లో క్రొత్తవి వచ్చినవి. సర్వీసు తీగలను, తన పరికరములను భద్రముగా నుంచుట సంస్థ విధి. సరఫరా మొదలగు చోట వినియోగదారునికి ఎర్తు టెర్మినలు నిచ్చుటయు దానిదే. మేము చూచిన యిండ్లలో ఈ టెర్మినలు నడిగినవారు లేరు. అటుపైని వైరింగు ఇంటివానిది.

వాననీరు నిలిచిన బాటపై తెగిపడిన తీగ తగిలి సైకిలుపై పోవువాడొకడు మరణించెను. తీగను పరు లెవరో దొంగకరెంటుకై లాగిరని విద్యుత్ బోర్డు వాదించినను, నిర్లక్ష్యము లేకున్నను బోర్డే బాధ్యమని 2002లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. కాని యది ప్రాణనష్టము. ఫ్రిజ్జు కాలినపుడు లోప మెచ్చట నున్నదో మనమే చూపవలసి వచ్చును. కావున ముడి మరల వేయకముందే ఛాయాచిత్రము తీయవలెను. ఫిర్యాదు సంఖ్య నడిగి వ్రాసికొనవలెను. సామాను రసీదులను, మెకానిక్కు వ్రాతను దాచవలెను. సంస్థ వినదేని వినియోగదారుల ఫిర్యాదుల ఫోరమునకును, పిదప అంబుడ్స్‌మన్‌కును అర్జీ పెట్టుకొనవచ్చును.

మా సభ్యునికడ ఫిర్యాదు సంఖ్య యున్నది గాని ఛాయాచిత్రము లేదు. ముడి యూడియుండుట చూచిన యిరువురు పొరుగువారు సాక్ష్యము వ్రాసియిచ్చిరి. అర్జీ ఫోరము నెదుట నున్నది.