కొలెస్ట్రాల్ పెరిగితే రొమ్ము క్యాన్సర్ వస్తుందా?

పోయిన నెల మన బరంపురం సంఘం సమావేశం అయ్యాక, డెబ్బై దాటిన పిన్నిగారొకరు నన్ను పక్కకు పిలిచి రక్తపరీక్ష కాగితం చూపించారు. ఫోనులో వచ్చిన సందేశం కూడా చూపించారు. "కొలెస్ట్రాల్ ఎక్కువైతే రొమ్ము క్యాన్సర్ వస్తుందట, దానికిచ్చే మాత్ర వేసుకున్నా వస్తుందట. నేనేం చేయాలి బాబూ?" అని అడిగారు. అడగడానికి ముందే మూడు వారాలుగా మాత్ర మానేశారు. ఆమెకు బీపీ, షుగరు రెండూ ఉన్నాయి.

నేను డాక్టరును కాను, గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. తెలిసిన డాక్టర్లను అడిగి, చదివి అర్థం చేసుకున్నది మన ఇళ్లలో అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందుగా, కొలెస్ట్రాల్ విషం కాదు. మన కాలేయమే దాన్ని తయారుచేస్తుంది. ఆడవారిలో ఉండే ఈస్ట్రోజెన్ హార్మోను కూడా కొలెస్ట్రాల్ నుంచే తయారవుతుంది. నెలసరి ఉన్నన్నాళ్లూ ఈస్ట్రోజెన్ ముఖ్యంగా అండాశయాల నుంచి వస్తుంది. నెలసరి నిలిచిపోయాక అండాశయాలు ఆ పని దాదాపు ఆపేస్తాయి. అయినా ఈస్ట్రోజెన్ పూర్తిగా పోదు. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే కొన్ని హార్మోన్లను, ఒంట్లోని కొవ్వులో ఉండే అరోమటేజ్ అనే ఎంజైము ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. కొవ్వు ఎంత ఎక్కువ ఉంటే ఈ మార్పు అంత ఎక్కువ. అందుకే నెలసరి ఆగిన తరువాత బరువు పెరగడం రొమ్ము క్యాన్సర్ ముప్పును పెంచుతుంది. రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఈస్ట్రోజెన్ తోడుతో పెరిగేవే.

గర్భసంచి తీయించుకున్నవారు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు. గర్భసంచి ఒక్కటే తీసి అండాశయాలు ఉంచితే నెలసరి ఆగుతుంది కానీ హార్మోన్లు ఆగవు. ఆపరేషన్ కాగితాల్లో ఏం తీశారో రాసి ఉంటుంది. వాటిని పారేయకండి.

ఇక ఆ సందేశం ఎక్కడి నుంచి పుట్టిందో చూద్దాం. కొలెస్ట్రాల్ ఒంట్లో విరిగేటప్పుడు 27-హైడ్రాక్సీకొలెస్ట్రాల్ అనే పదార్థం పుడుతుంది. అది ఈస్ట్రోజెన్ లాగా పనిచేసి ఎలుకల్లో రొమ్ము కణితులను పెంచిందని అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2013లో ప్రకటించారు. ఆ మాట నిజమే. కానీ అది ఎలుకల్లో చూసిన సంగతి. మనుషుల రక్తంలో కొలెస్ట్రాల్ అంకెకూ రొమ్ము క్యాన్సర్‌కూ సంబంధం వెతికిన అధ్యయనాలు ఒకే మాట చెప్పలేదు. కాబట్టి లిపిడ్ రిపోర్టు క్యాన్సర్ పరీక్ష కాదు. అంకె పెరిగిందని క్యాన్సర్ అనుకోకూడదు, అంకె బాగుందని నిశ్చింతగానూ ఉండకూడదు.

స్టాటిన్ మాత్రల వల్ల రొమ్ము క్యాన్సర్ వస్తుందని పెద్ద అధ్యయనాల్లో తేలలేదు. క్యాన్సర్ రాకుండా ఉండటానికని వాటిని ఇవ్వరు కూడా. అవి గుండెపోటు, పక్షవాతం రాకుండా ఇచ్చేవి. నెలసరి ఆగాక చెడు కొలెస్ట్రాల్ పెరగడం మామూలు, గుండెజబ్బు ముప్పూ అప్పుడే పెరుగుతుంది. లేని భయంతో మాత్ర మానేస్తే ఉన్న ముప్పు మీదకొస్తుంది. పిన్నిగారిని వాళ్లబ్బాయి మళ్లీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాడు. ఇప్పుడు మాత్ర వేసుకుంటున్నారు.

ఒంట్లో ఆవిర్లు, చెమటలు తగ్గడానికి ఇచ్చే హార్మోను మాత్రల సంగతి వేరు. అమెరికాలో 16,608 మంది మీద జరిగిన పరీక్షను 2002లో మధ్యలోనే ఆపేశారు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి వాడినవారిలో ఏడాదికి పదివేల మందిలో 38 మందికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది, వాడనివారిలో 30 మందికి. తేడా చిన్నదే అయినా ఉంది. గర్భసంచి లేనివారికి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన పరీక్షలో ఆ పెరుగుదల కనబడలేదు. అందుకే ఈ మాత్రలు సొంతంగా కొని వాడొద్దు, పక్కింటివారి చీటీ చూసి అసలే వాడొద్దు.

క్యాన్సర్ వచ్చి లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ వంటి మాత్రలు వాడుతున్నవారికి ఒక మాట. అవి అరోమటేజ్‌ను ఆపుతాయి. వాటితో ఎముకలు పలచబడవచ్చు, కొలెస్ట్రాల్ కూడా పెరగవచ్చు. పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి గానీ, డాక్టరు చెప్పకుండా మానకూడదు.

మన చేతిలో ఉన్నవి ఇవి: బరువు అదుపులో పెట్టుకోవడం, రోజూ అరగంటైనా వేగంగా నడవడం, మద్యం ముట్టకపోవడం. వేరుశనగ నూనె ప్యాకెట్టు మీద "కొలెస్ట్రాల్ లేదు" అని ఉంటే మురిసిపోవద్దు. మొక్కల నూనెలో అది ఎలాగూ ఉండదు. నూనె ఏదైనా ఎక్కువైతే ఒంట్లో కొవ్వే.

అన్నిటికన్నా ముఖ్యం, ముందుగా పట్టుకోవడం. ముంబైలో టాటా మెమోరియల్ వారు 1998లో మొదలుపెట్టి సుమారు లక్షన్నర మంది స్త్రీలను ఇరవై ఏళ్లు గమనించారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. యాభై దాటినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయని 2021లో తేలింది. దానికి యంత్రం లేదు, సూది లేదు. ముప్పై దాటిన స్త్రీలకు ఈ పరీక్ష ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. రొమ్ములోనో చంకలోనో గడ్డ, చర్మం గుంటపడటం, చనుమొన లోపలికి పోవడం, రక్తం కారడం, వీటిలో ఏది కనబడ్డా వెంటనే చూపించుకోవాలి.

మా పెద్దప్పకు గడ్డ తగిలిన ఎనిమిది నెలలకు గానీ మాకు తెలియలేదు. "నొప్పి లేదు కదా, ఎవరికి చెప్పుకోను" అంది. మగడాక్టరుకు, పైగా ఒడియాలో ఆ మాట చెప్పడానికి సిగ్గుపడింది. నొప్పి లేకపోవడమే దాని గుణమని అప్పుడు నాకూ తెలియదు. ఆమె ఇప్పుడు లేదు.

మన భాష మాట్లాడే నర్సమ్మలు, టీచరమ్మలు కొందరు తోడుగా రావడానికి ఒప్పుకున్నారు. కటకం ఆచార్య హరిహర ఆసుపత్రికైనా, విశాఖపట్నం హోమీభాభా ఆసుపత్రికైనా వెళ్లాల్సి వస్తే సంఘం ఆఫీసులో చెప్పండి. పేరు బయటకు రాదు. ఈ వ్యాసాన్ని ఇంట్లో మగవాళ్లు చదివి ఊరుకోకుండా, అమ్మకూ అత్తయ్యకూ చదివి వినిపించండి.